ఘర్షణ లేదనుకొనుము

డాక్టర్ మందాకిని ఇంజన్ వాల్వుల మీద చాలా లావుపాటి నివేదికే రాసింది. అందులో ఆమె కొంప ముంచినది ఒకే ఒక్క వాక్యం. "ఘర్షణ లేదని అనుకొనుము."

నిజానికి అందులో తప్పేమీ లేదు. లెక్కలు చేసేవాళ్ళెవరైనా ఏదో ఒకటి అనుకునే మొదలుపెడతారు. బడిలో గొర్రెల లెక్క చేసేటప్పుడు గొర్రెల సంఖ్య ఎక్స్ అనుకున్నంత మాత్రాన గొర్రెలు ఎదురు తిరగవు. జవాబు రాగానే అనుకున్నది మరిచిపోయి ఎవరి గొర్రెలను వాళ్ళు తోలుకుపోతారు. మందాకినికీ అంతకు మించిన దురుద్దేశం లేదు.

ఆమె పనిచేసేది కొండ దిగువన ఏటివలసలో ఉన్న యంత్రచలన పరిశోధనా సంస్థలో. ఆ ఊరి నుంచి పైన మంచుగరువుకు వెళ్ళే బస్సులకు ఒక జబ్బు ఉండేది. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కేవి. దిగేటప్పుడు వాలులో ఇంజన్ అదుపు తప్పి తిరిగేది, లోపల టకటకమని చప్పుడు మొదలయ్యేది, ఏదో ఒక మలుపులో బస్సు నిలిచిపోయేది. విప్పి చూస్తే వాల్వులు వంగిపోయి ఉండేవి. జనం మూటలు నెత్తిన పెట్టుకుని మిగతా కొండ నడిచి దిగేవాళ్ళు.

వాల్వంటే ఇంజన్‌లోకి గాలి రావడానికీ పొగ పోవడానికీ ఉన్న చిన్న తలుపు. కింద క్యామ్ అనే ఎగుడు చక్రం తిరుగుతూ పుష్ రాడ్ అనే కడ్డీని పైకి తోస్తుంది. కడ్డీ తూగుబల్లలాంటి రాకర్‌ను ఒక కొసన ఎత్తుతుంది. రాకర్ రెండో కొసతో వాల్వును తెరుస్తుంది. తెరిచేవాళ్ళు ఇంతమంది ఉన్నా మూయడానికి ఉన్నది మాత్రం ఒక్క స్ప్రింగే. ఇంజన్ మరీ జోరుగా తిరిగితే స్ప్రింగు వేళకు మూయలేదు. ఈలోగా పిస్టన్ పైకి వచ్చి, తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. మందాకిని ఈ వ్యవహారానికంతటికీ సమీకరణాలు రాసి, కంప్యూటర్‌లో గణిత నమూనా కట్టి, స్ప్రింగు బలం చాలడం లేదని తేల్చింది. షెడ్డులో ఒక ఇంజన్‌కు గట్టి స్ప్రింగులు వేయించి తిప్పి చూసింది. నమూనా గీసిన గీతా ఇంజన్ కొలతలు గీసిన గీతా ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. ఆ రోజు ఆమె షెడ్డు వాళ్ళందరికీ క్యాంటీన్‌లో గారెలు తినిపించింది. ఒక బస్సుకు కూడా ఆ స్ప్రింగులే వేయించి పరీక్షకు సిద్ధం చేసింది.

సరిగ్గా ఆ వారమే సంస్థ సంచాలకులు డాక్టర్ త్రివిక్రమరావు గారు ఒక అంతర్జాతీయ సదస్సు నుంచి తిరిగి వచ్చారు.

ఆయన సదస్సుకు వెళ్ళివచ్చినప్పుడల్లా సంస్థలో ఏదో ఒకటి మారుతుంది. ఒకసారి కుర్చీలన్నీ తీయించి అందరి చేతా నిలబడి పనిచేయించారు. ఇంకోసారి ప్రతి విభాగమూ తన వైఫల్యాన్ని పండుగలా జరుపుకోవాలన్నారు. ఏ విభాగమూ తనకొక వైఫల్యం ఉందని ఒప్పుకోకపోవడంతో ఆ పండుగ జరగలేదు. ఈసారి ఆయన తెచ్చినది 'కవల'.

"ప్రతి యంత్రానికీ కంప్యూటర్‌లో ఒక కవల ఉండాలమ్మా," అన్నారు మందాకినిని గదికి పిలిపించి. "ప్రపంచమంతా ఇప్పుడు అదే మాట. ఇనుముతో చేసినది అన్న. లెక్కలతో చేసినది తమ్ముడు. అన్నకు తుప్పు పడుతుంది, మసి పడుతుంది, అరుగుతాడు. తమ్ముడికి ఏ రోగమూ లేదు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి మనం?"

"ఇద్దరి మాటా విని పోల్చి చూసుకోవాలి సార్."

"ఇంతకాలమూ మనం పొరబడింది అక్కడే!" అని ఆయన బల్ల మీద చరిచారు. "అన్నా తమ్ముడూ తగువు పడితే ఇకనుంచి దిద్దుకోవలసినవాడు అన్న."

పాలకమండలి సమావేశమైంది. పరిపాలనాధికారి పరాంకుశం గారు తీర్మానం రాశారు. ఆయన కామా మరిచిపోయిన కాగితం ఆ సంస్థ చరిత్రలో లేదు. 'సదరు నమూనాను, అందలి అనుకోళ్ళతో సహా, యథాతథముగా ఆమోదించి, తక్షణము సంస్థ అంతటా అమలులోకి తేవడమైనది' అని రాశారు. ఎవరో అనుకున్న విషయాన్ని 'అనుకోలు' అనీ, అలాంటివి చాలా ఉంటే 'అనుకోళ్ళు' అనీ ఆయనే పేరు పెట్టారు. ఆ ఉత్తరువు చదివి క్యాంటీన్ వాళ్ళు ఎన్ని కోళ్ళు కావాలని కబురంపారు.

గట్టి స్ప్రింగులు వేయాలన్న అసలు సంగతి 'సిఫార్సుల భాగము పరిశీలనలో ఉన్నది' అన్న ఒక్క ముక్కతో సరిపోయింది.

మర్నాడు పొద్దున మందాకిని షెడ్డుకు వెళ్ళేసరికి కాలిన వాసన ముక్కు పగలగొడుతోంది. పరీక్షా పీఠం మీద ఇంజన్ ఏదో జంతువును కోస్తున్నట్టు అరుస్తోంది. మెకానిక్కులు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని గోడ వారగా నిలబడ్డారు. ఆమె పరుగున వెళ్ళి ఇంజన్ ఆపింది. నూనె మట్టం కొలిచే పుల్ల తీసి చూసింది. దాని మీద నూనె చుక్క లేదు.

"స్టోర్సు వాళ్ళు ఇవ్వనేదండి," అన్నాడు ఒకతను. "రద్దయిపోనాదంట."

ఆమె తిన్నగా పరాంకుశం గారి గదికి వెళ్ళింది. ఆయన లేచి నమస్కారం పెట్టి కుర్చీ చూపించారు. మర్యాదలో ఆయన ఎప్పుడూ లోటు చేయరు.

"ఇంజన్‌కు నూనె ఆపేశారటండీ?"

"చిత్తం. నూనె దేనికి మేడమ్?"

"ఘర్షణ తగ్గడానికి."

"ఘర్షణ ఉన్నదా?"

"ఉండదా మరి?"

ఆయన నివేదిక తెరిచి, ఎర్ర రిబ్బను పెట్టుకున్న పేజీ ఆమె వైపు తిప్పారు. "ఘర్షణ లేదని అనుకొనుము. కింద సంతకం తమరిదే కదా? లేని దాన్ని తగ్గించడానికి ప్రజాధనం వెచ్చిస్తే రేపు ఆడిట్ వారికి జవాబు తమరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"అది ఊరికే అనుకోవడమండీ. లెక్క సులువు కావడానికి."

"పరిపాలన కూడా సులువు కావాలి కదా మేడమ్," అన్నారాయన ఎంతో వినయంగా.

ఆ తరువాత అనుకోళ్ళు ఒక్కొక్కటే గుడ్డు చీల్చుకుని బయటికి రాసాగాయి. పుష్ రాడ్ వంగదని ఆమె అనుకుంది. అందువల్ల వంగిన పుష్ రాడ్లు పట్టుకుని స్టోర్సుకు వెళ్ళినవాళ్ళకు కొత్తవి ఇవ్వడం మానేశారు. వంగని వస్తువు వంగిందంటే ఎవరో పనిగట్టుకుని వంచి ఉండాలని ఒక మెకానిక్కుకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. ఉష్ణోగ్రత మారదని ఆమె అనుకుంది. అందుకని ఇంజన్లను చల్లబరిచే ఫ్యాన్ బెల్టులు పీకేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. 'సంస్థ అంతటా' అన్న మాట తీర్మానంలో ఉన్నదని పరాంకుశం గారికి గుర్తొచ్చింది. గదుల్లో ఫ్యాన్లూ ఏసీలూ ఆపించారు.

అప్పుడు మే నెల. అధికారులు గొంతు దాకా బొత్తాలు పెట్టుకుని, చెమట కాలువలు కడుతుంటే దస్త్రాలు చూస్తూ కూర్చున్నారు. ఎవరైనా "ఉక్కగా ఉంది" అంటే పక్కవాళ్ళు తలుపు వైపు చూసేవాళ్ళు. లెక్కల విభాగంలో పెద్దగుమాస్తా సొమ్మసిల్లి పడిపోతే నీళ్ళు చల్లి లేపి, కారణం అన్న చోట 'వ్యక్తిగతము' అని రాశారు.

మందాకిని ఊరుకోలేదు. ఘర్షణ ఉన్నదని విన్నవించుకుంటూ అర్జీ పెట్టింది. ఇలాంటి అర్జీ పెట్టవలసి వస్తుందని చదువుకునే రోజుల్లో ఎవరైనా చెబితే నవ్వి ఉండేది. అర్జీ మీద 'ఘర్షణ పునఃపరిశీలనా ఉపసంఘం' ఏర్పడింది. పాలకమండలిలోని పెద్దలు వరసగా కూర్చున్నారు. ఆమె వాళ్ళ ముందు నిలబడింది.

"ఘర్షణ ఉన్నదనుటకు తమ వద్ద గల ఆధారమేమి?" అని అధ్యక్షుడు అడిగాడు.

"అయ్యా, ఒక్కసారి మీ అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకోండి."

పెద్దలందరూ అరచేతులు రుద్దుకున్నారు. గది నిండా చప్పుడు.

"వేడెక్కాయా?"

"ఎక్కినవి," అని ఒకాయన ఒప్పుకోబోయాడు. పరాంకుశం గారు దగ్గారు. "అరచేతులు నమూనా పరిధిలోనికి రావు. పైగా ఉష్ణోగ్రత మారదన్నది ఇప్పటికే ఆమోదం పొందిన విషయం. వేడెక్కినదన్న మాట రికార్డులో వద్దు."

మందాకినికి కోపం తన్నుకొచ్చింది. "ఘర్షణే లేకపోతే మీరిప్పుడు ఆ కుర్చీలో ఉండలేరండీ. జారి కింద పడతారు!"

అధ్యక్షుడు చప్పున కుర్చీ చేతులు పట్టుకున్నాడు. కాసేపు ఎవరూ కదల్లేదు. ఎవరూ జారలేదు కూడా. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సాయంత్రానికి నిర్ణయం వచ్చింది. 'ఘర్షణ లేదని ఆమోదించిన తరువాత కూడా సభ్యులెవ్వరూ జారలేదు. కావున సంస్థ నిర్వహణకు ఘర్షణ అవసరము లేదని ఋజువైనది.'

ఆ కాగితం చదివాక మందాకినికి ఉద్యోగం మానేద్దామనిపించింది. మానేస్తే ఆ వాక్యం ఇక్కడే ఉండిపోతుంది, దాన్ని రాసిన మనిషి మాత్రం వెళ్ళిపోతుంది. అది ఇంకా అన్యాయమనిపించింది.

ఇంతలో పెద్ద కబురు వచ్చింది. కవల ప్రయోగాన్ని మంత్రిగారు స్వయంగా ప్రారంభిస్తారు. నమూనా ధ్రువీకరించిన బస్సులో మంత్రిగారూ, పాలకమండలీ, కొందరు సామాన్య ప్రజలూ ఏటివలస నుంచి మంచుగరువుకు ప్రయాణిస్తారు. గట్టి స్ప్రింగులు వేసిన బస్సునే ఎంచుకున్నారు. వేడుకకు ముందురోజు దాన్ని షెడ్డుకు తెచ్చి, ఆమోదించిన అనుకోళ్ళ ప్రకారం నూనె మొత్తం దించేశారు. ఫ్యాన్ బెల్టు ఊడదీశారు.

ఆ బస్సు డ్రైవరు సన్యాసిరావు. నెమ్మదైన మనిషి. సంగతి తెలిసి మందాకినిని వెతుక్కుంటూ వచ్చాడు.

"అమ్మా, నూనె నేకుండా కొండెక్కమంటన్నారు. మూడో మలుపు దాటేలోగా ఇంజన్ బిగిసి పట్టేస్తాది. పట్టేసిందంటే బండి ఎనక్కి జారతాది. అక్కడ పిట్టగోడ కూడా నేదు."

"మీరు నడపనని చెప్పండి."

"సెప్పినానమ్మా. సెప్తే, ఈ కాయితం మీద సంతకం పెట్టమన్నారు. 'నమూనా మీద నాకు నమ్మకం నేదు' అని. అది పెడితే ఉద్యోగం ఊడిపోద్ది. నాకు ముగ్గురు పిల్లలు."

ఆమెకు అంతవరకు జరిగినదంతా తలకు మించిన విసుగు, అంతే. ఇప్పుడు ఆ వాక్యం మలుపులో పిట్టగోడ లేని చోటికి మనుషులను తీసుకుపోతోంది.

సంచాలకుల గది కొలిమిలా ఉంది. త్రివిక్రమరావు గారి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఆయన మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు.

"సార్, ఆ బస్సు కొండ ఎక్కదు. మనుషులు చచ్చిపోతారు."

"మీ నమూనా ఎక్కుతుందంటోంది కదమ్మా."

"నా నమూనాకు కొండ తెలియదు సార్. దానికి తెలిసింది వాల్వు ఒక్కటే."

"మీకు మీ మీద నమ్మకం తక్కువ. అదే మీలో లోపం," అన్నారాయన జాలిగా. తరువాత గొంతు తగ్గించారు. "నాకున్న బెంగ వేరు. మంత్రిగారికి ఘాట్ రోడ్డు పడదట. రెండు మలుపులు తిరిగితే కడుపులో తిప్పుతుందట. పత్రికలవాళ్ళ ముందు ఆయన వాంతి చేసుకుంటే మన సంస్థ గతేమిటి?"

మందాకిని ఆయన ముఖం వంక చూసింది. ఘర్షణ ఉందని ఈ మనిషికి చెప్పి ప్రయోజనం లేదు. ఈ భవనంలో ఎవరికీ ఉన్న సంగతి చెప్పి లాభం లేదు. వీళ్ళకు వినబడే భాష ఒక్కటే ఉంది. ఆ భాష తనకూ వచ్చు. తను రాసిందే కదా!

"సార్, ఇంకొక్క అనుకోలు చేర్చుకుంటే?"

"ఏమని?"

"బస్సు మంచుగరువు చేరిందని అనుకొనుము."

త్రివిక్రమరావు గారు పెన్ను కింద పెట్టారు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అది చెమట మాత్రం కాదు.

"అంటే ప్రయాణాన్నే ఉపేక్షిస్తాం!"

"అవును సార్. మలుపులుండవు. వాంతులుండవు."

"ఎంత మాట అన్నావమ్మా! అన్ని దేశాలవాళ్ళు వచ్చిన ఆ సదస్సులో కూడా ఇంత దూరం ఎవ్వరూ వెళ్ళలేదు!"

బస్సు ఇక ఎక్కడికీ వెళ్ళనక్కరలేనందుకు మందాకిని మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

సాయంత్రం అత్యవసర సమావేశంలో అనుకోలు ఆమోదం పొందింది. చేరిన బస్సుకు ఇంజన్ తిప్పడం ఇంధన దుర్వినియోగమని పరాంకుశం గారు ఒక షరతు కూడా చేర్చారు. సన్యాసిరావుకు తాళం చెవి ముట్టుకోనక్కరలేదని ఉత్తరువు ఇచ్చారు. అతను మందాకిని దగ్గరికి వచ్చి నవ్వలేక, ఏడవలేక, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

వేడుక దివ్యంగా జరిగింది. సంస్థ ఆవరణలో బస్సుకు అరటి పిలకలు కట్టారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి ఎక్కారు. పాలకమండలి ఎక్కింది. బస్టాండు నుంచి పరాంకుశం గారు పోగుచేసిన సామాన్య ప్రజలు వెనక సీట్లలో కూర్చున్నారు. తలుపులు మూశారు. అందరూ గంభీరంగా ముందుకు చూస్తున్నారు. కొందరు మలుపులు వచ్చినట్టు ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ ఒరిగారు. వాళ్ళకు తరువాత పదోన్నతులు వచ్చాయి. త్రివిక్రమరావు గారు గడియారం చూసుకుని, "మంచుగరువు!" అని ప్రకటించారు. మరో తలుపులోంచి దించారు.

మంత్రిగారు నేల మీద కాలు పెట్టి గుండెల నిండా గాలి పీల్చారు. చుట్టూ అగ్గి కురుస్తోంది.

"అబ్బ, ఏం చల్లదనమండీ!" అన్నారు.

ఎవరో పరుగెత్తుకెళ్ళి శాలువా తెచ్చి కప్పారు. మంత్రిగారు శాలువాలో చెమటలు కక్కుతూ మైకు ముందు నిలబడ్డారు. "ఇక్కడి నుంచి చూస్తే కింద మన పరిశోధనా సంస్థ ఎంత చిన్నగా కనిపిస్తున్నదో!" అన్నారు. అందరూ ఆయన వేలు చూపిన వైపు, అంటే ఎదురుగా ఉన్న మూత్రశాల వైపు, చూసి చప్పట్లు కొట్టారు. పులిహోర పొట్లాలు పంచారు. సామాన్య ప్రజలు పొట్లాలు అందుకుని బస్టాండుకు నడిచిపోయారు. మంత్రిగారి కార్లు వెళ్ళిపోయాయి.

అసిరమ్మ మాత్రం బస్సు దిగలేదు.

చివరి సీట్లో, ఒళ్ళో గుడ్డ సంచి పెట్టుకుని, కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్న నడివయసు మనిషి. పరాంకుశం గారు మర్యాదగా చెప్పి చూశారు.

"అమ్మా, దిగాలి. ఊరొచ్చింది."

"ఎక్కడొచ్చింది బాబూ? ఎక్కిన కాడే ఉన్నాం. నాకు కళ్ళు నేవేటి?"

"వచ్చినట్టు ఆమోదించాము."

"మీరు ఆమోదిస్తే మరి మా కూతురేదీ? మంచుగరువు ఆస్పటల్లో ఉంది. తెల్లారగట్ల పురుడొచ్చింది. ఆడపిల్ల. ఇదిగో, బాలింతకి పెట్టే కాయం మందు సేసి పట్టుకెల్తన్నాను. బస్టాండులో కూకుంటే, ఊరికే తీసుకెల్తామని మీరే కదా ఎక్కించినారు! ఇక్కడ ఆస్పటలు ఏదో సూపించండి, దిగిపోతాను."

పరాంకుశం గారు మందాకిని వైపు తిరిగారు. "ఈ అనుకోలు తమరిది మేడమ్. తమరే నచ్చజెప్పండి," అని జారుకున్నారు. ఘర్షణ లేదు కనుక సులువుగానే జారారు.

మందాకిని బస్సెక్కి అసిరమ్మ పక్కన కూర్చుంది. ఆమెకు బస్సును ఆపి అందరినీ కాపాడానని పొద్దుటి నుంచి కొంచెం గర్వంగానే ఉంది. ఈ మనిషికి మాత్రం చేసింది మోసమే.

"తరువాతి బస్సెప్పుడమ్మా?" అని అసిరమ్మ అడిగింది.

"ఈ రోజు మిగతా బస్సులన్నీ వేడుక కోసం ఆపేశారు."

అసిరమ్మ సంచి ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది. మందాకిని లేచి డ్రైవరు సీటు దగ్గరికి వెళ్ళింది.

"సన్యాసిరావుగారూ, నూనె పోస్తే ఈ బస్సు ఎక్కుతుందా?"

"నల్లేరు మీద బండిలాగ ఎక్కుతాదమ్మా. ఫ్యాన్ బెల్టు నా సీటు కిందే దాసినాను. అయితే ఎవరి ఆర్డరు మీద ఎల్తాం?"

"ఎవరి ఆర్డరూ అక్కరలేదు. ఈ బస్సు ఇక్కడ లేదు. మంచుగరువులో ఉంది. పాలకమండలి సంతకాలు చేసింది."

సన్యాసిరావు ఆలోచించాడు. అర్థమయ్యాక మెల్లగా అతని మీసాల కింద నవ్వు విచ్చుకుంది. గేటుకు ఎదురుగా ఉన్న మెకానిక్ షాపుకు వెళ్ళి నూనె డబ్బాలు తెచ్చారు. బెల్టు బిగించారు. రేడియేటర్‌లో నీళ్ళు పోశారు. తాళం తిప్పితే ఇంజన్ గొంతు సవరించుకుని అందుకుంది.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యడ్డం పెట్టాడు.

"ఈ బండి పొద్దున్నే ఎలిపోయినట్టు రాసేసినానమ్మా. మరల ఎలాగ పంపుతాను?"

"వెళ్ళిపోయిన బండిని ఎలా ఆపుతావయ్యా మరి?" అంది మందాకిని.

అతను బస్సును చూశాడు, తన పుస్తకాన్ని చూశాడు. "నేని బస్సుకి గేటు తీయడానికి నాకేటి కష్టం!" అని తీశాడు.

కొండ మొదలయ్యాక ఆమె ఇంజన్ మూత పక్కన కూర్చుని చెవి ఒగ్గింది. ఏళ్ళ తరబడి తెర మీద గీతలుగా చూసినవన్నీ ఆ రేకు కింద కదులుతున్నాయి. క్యామ్ తోస్తోంది, రాకర్ ఊగుతోంది, వాల్వు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పిట్టగోడ లేని మలుపు వచ్చినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి దాటిపోయారు. "ఆంజనేయుడికి దణ్ణమెట్టుకోండమ్మా," అన్నాడు సన్యాసిరావు. వెనక సీట్లో అసిరమ్మ అప్పటికే పెట్టుకుంటోంది.

మంచుగరువులో ఎండ వాలింది. ఆస్పత్రి వాకిట్లో బస్సు ఆగగానే అసిరమ్మ సంచి గుండెకు అదుముకుని లోపలికి పరుగెత్తింది. కాసేపటికి తిరిగి వచ్చి మందాకిని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. పాత చీర ముక్కలో చుట్టిన పసికందును చేతుల్లో పెట్టింది. దాని అరచెయ్యి ఎర్రగా ఉంది. మందాకిని వేలు దొరకగానే పట్టుకుని వదల్లేదు.

"పట్టు సూడు, ఎంత గట్టిదో!" అంది అసిరమ్మ మురిసిపోతూ.

మందాకినికి ఎందుకో కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఆ పూటకు అక్కడే ఉండిపోయారు. పొద్దున లేచేసరికి ఆస్పత్రి ముందు జీపు ఆగి ఉంది. బస్సు చేరిన చోట శిలాఫలకం నాటి ఫొటో తీసుకురమ్మని సంచాలకులు పంపిన ఫొటోగ్రాఫరు, బస్సు నిజంగానే కనబడేసరికి నోరు తెరిచి నిలబడిపోయాడు. ఫొటోలు తీసి వెంటనే కిందికి పంపాడు. అరగంటలో త్రివిక్రమరావు గారు ఫోను చేశారు. సంతోషం పట్టలేక ఆయన దాదాపు అరిచారు.

"చూశావామ్మా! బస్సు సరిగ్గా మనం అనుకున్న చోటే ఉంది. నమూనా చెప్పింది, అన్న విన్నాడు! ఇనుము మన తీర్మానానికి లోబడింది!"

"సార్, బస్సును మేమే నూనె పోసి..."

"చిన్న చిన్న విషయాలు ఉపేక్షిద్దాం!" అని ఆయన పెట్టేశారు.

దిగేటప్పుడు సన్యాసిరావు వాలులో కావాలనే కొంచెం జోరు చేశాడు. ఇంజన్ గిర్రున తిరిగింది. ఎప్పుడూ టకటక మొదలయ్యే చోట మందాకిని ఊపిరి బిగపట్టింది. చప్పుడు రాలేదు. గట్టి స్ప్రింగులు ప్రతి వాల్వునూ వేళకు మూస్తున్నాయి. కొండ దిగువ దాకా ఒక్క చోట ఆగకుండా వచ్చారు. ఆమె లెక్క నిజమైన రోజు అదే. దాన్ని ఎవరికి నివేదించాలో మాత్రం తెలియలేదు. బస్సు అధికారికంగా కొండ మీదే ఉంది, దిగలేదు.

సోమవారం ఆమె బల్ల మీద సంజాయిషీ నోటీసు ఉంది. 'అప్పటికే గమ్యము చేరియున్న బస్సును, మరల అదే గమ్యమునకు తీసుకొనిపోయి, లేని ఘర్షణకు నూనె పోసి, ఇంధనమును వృథా చేసినందులకు తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపగలరు.'

ఆమె ఆలోచించకుండానే జవాబు రాసింది. "బస్సు చేరింది. ప్రయాణికురాలు చేరలేదు."

జవాబు తీసుకోవడానికి పరాంకుశం గారే స్వయంగా వచ్చారు. రెండుసార్లు చదివారు. కామా ఎక్కడా దొరకలేదు. తలుపు దగ్గరగా వేసి, ఎన్నడూ లేనిది, ఎదురు కుర్చీలో కూర్చున్నారు.

"ఇది ఆఫీసు పరంగా అడగడం కాదు మేడమ్," అన్నారు గొంతు తగ్గించి. "మా చెల్లెలిని మంచుగరువులో ఇచ్చాం. చూసి ఏడాదైంది. మామూలు బస్సు ఎక్కాలంటే నాకు భయం. దిగేటప్పుడు ఎక్కడ నిలిచిపోతుందో తెలియదు. తమ బస్సు... అదే, ఆ లేని బస్సు... మళ్ళీ ఎప్పుడైనా వెళ్తుందా?"

మందాకిని ఆయన ముఖంలోకి చూసింది. పైన ఫ్యాను ఆగి ఉంది. ఆయన నుదుటి మీది చెమట చుక్క ముక్కు దాకా వచ్చి అక్కడ వేలాడుతోంది. దాన్ని తుడుచుకుంటే ఉష్ణోగ్రత మారిందని ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు, తుడుచుకోలేదు.

"ఆదివారం పొద్దున వెళ్తుందండీ," అందామె. "ముందు ఆ చెమట తుడుచుకోండి. వచ్చేటప్పుడు నూనె డబ్బా ఒకటి పట్టుకురండి."

పరాంకుశం గారు జేబురుమాలు తీశారు. లేచి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగారు.

"ఏ రకం నూనె మేడమ్?"